పదిలో ఎనిమిది

కళ్లు తెరవగానే నోలీన్ చేయాల్సిన మొదటి పని దూది నమలడం. మంచం పక్క బల్ల మీద ముందురోజే పెట్టుకున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం మూత తీసి, లోపలి దూదిచుట్టను నోట్లో వేసుకుని, ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంటూ రెండు నిమిషాలు నమలాలి. బాగా తడిశాక మళ్లీ గొట్టంలోకి ఉమ్మి, మూత బిగించి, పైన టైము రాయాలి. అప్పటిదాకా గుక్కెడు మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

గుమ్మంలో ఆమె భర్త కెల్ టీ కప్పుతో నిలబడి ఉన్నాడు. పెళ్లయిన నలభై మూడేళ్లలో పడవ మీద డ్యూటీ లేని ప్రతి పొద్దునా ఆ గుమ్మంలోంచే ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు.

"అయిందా?"

నోలీన్ నోట్లో దూదితోనే తల అడ్డంగా ఊపింది.

"చల్లారిపోతోంది నోలీ."

ఆమె గొట్టంలోకి ఉమ్మి, మూత పెట్టి, ఐదు నలభై అని రాసింది. "అయింది. కానీ ఇంకో అరగంట ఆగాలి. రెండో గొట్టం ఉందిగా."

"మరి ఈ టీ ఎవరు తాగాలి?"

"నువ్వే తాగు."

"పది రోజులుగా నీ టీ నేనే తాగుతున్నాను. చక్కెర లేని టీ. ఈ పరీక్ష నీకా, నాకా?"

కెల్ మంచం అంచున కూర్చుని మొహం చిట్లించుకుంటూ ఆ టీ తాగేశాడు. తర్వాత గొట్టం తీసుకెళ్లి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. అక్కడ బఠాణీల పొట్లం పక్కన ఇరవై పైచిలుకు గొట్టాలు, వాటి పక్కన అతని చేపల ఎర రొయ్యలు ఉన్నాయి. మొదటి వారంలో ఒకరోజు అతను ఎర అనుకుని గొట్టాల సంచీని పట్టుకుని రేవు గట్టు దాకా వెళ్లి, పరుగున తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆ సంచీ మీద నోలీన్ పెద్ద అక్షరాలతో "చేపలకు కాదు" అని రాసిపెట్టింది.

ఆమెకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మూడు నెలల్లో తిరిగొచ్చాయి. మాట ఏడాది తిరిగేసరికి పూర్తిగా తేరుకుంది. స్టాక్‌టన్ అనే ఆ చిన్న రేవు ఊరి వీధుల్లో ఎవరు ఎదురైనా "అబ్బ, ఎంత బాగున్నావ్ నోలీన్, ఏమీ జరగనట్టే ఉన్నావ్" అంటారు. ఆ మాట వినగానే ఆమె నవ్వుతుంది. ఇంటికొచ్చి తలుపేసుకుని మంచం మీద వాలిపోతుంది.

పని చేసి అలసిపోవడం ఆమెకు తెలుసు. ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఇరవై రెండేళ్లు మహిళా సంఘం వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడింది. ఆ అలసట నిద్రపోతే పోతుంది. ఇది అలాంటిది కాదు. పొద్దున ఎనిమిదింటికి బాగానే ఉంటుంది, పదికి బాగానే ఉంటుంది. పదకొండు దాటాక, ఫెర్రీ నది మధ్యలో ఉండగా ఇంజను ఆగిపోయినట్టు, ఒళ్లంతా ఒక్కసారి ఆగిపోతుంది. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, చేరలేదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె పుట్టి పెరిగిన వీధిలో అలాంటివి చెప్పుకునే అలవాటు లేదు. ఎలా ఉన్నావని అడిగితే "పర్వాలేదు" అనాలి, అంతే. నోలీన్ తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో మూడు వేళ్లు నలిగి కట్టుతో ఇంటికొచ్చిన రోజు కూడా, పొరుగాయన పలకరిస్తే "పర్వాలేదు, నువ్వెలా ఉన్నావ్" అన్నాడు.

అందుకే నదికి అవతల పరిశోధన కేంద్రం నుంచి లూపె అనే అమ్మాయి ఫోను చేసినప్పుడు నోలీన్ వెంటనే ఒప్పుకుంది. పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ల అలసటకు రక్తంలో, లాలాజలంలో ఏవైనా ఆనవాళ్లున్నాయేమో వెతుకుతున్నామని లూపె చెప్పింది. నోలీన్ దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. రక్తం తీస్తారు, ఒక కాగితం ఇస్తారు, అందులో ఈమె అలసట ఇంత అని అంకె ఉంటుంది. ఆ కాగితాన్ని చిన్ననాటి స్నేహితురాలు డాట్ ముందు పెడితే చాలు, తను నోరు తెరవక్కర్లేదు.

డాట్ ఆ గురువారం మధ్యాహ్నమే వచ్చింది.

డాట్ పాస్కో నోలీన్‌తో కలిసి చదువుకుంది, ఇప్పుడు మహిళా సంఘానికి అధ్యక్షురాలు. చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. వెంట కెల్ అక్క మొరీన్ కూడా వచ్చింది. అప్పుడు ఒంటిగంట అవుతోంది. నోలీన్ అప్పుడే మంచం మీంచి లేచి జుట్టు సర్దుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"ఎలా ఉన్నావే?" అంది డాట్.

"పర్వాలేదు. నువ్వు?"

"పర్వాలేదు." డాట్ కుర్చీ లాక్కుని కాగితం తిరగేసింది. "వచ్చే శనివారం రేవు సంబరం. పోయినేడు నువ్వు లేక స్కోన్లు బేకరీలో కొన్నాం, జనం మొహాన కొట్టినంత పని చేశారు. ఈసారి నీ పేరున ఆరు వందలు రాశాను. పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండు దాకా సాగుతుంది. పర్వాలేదా?"

ఆరు వందల స్కోన్లు, అరచేతిలో పట్టే మెత్తటి బన్నులు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా. నోలీన్ మనసులో పదకొండు గంటలు కొట్టింది.

"పర్వాలేదు," అంది.

మొరీన్ పడకగది తలుపు వైపు చూసింది. నలిగిన దుప్పటి కనిపిస్తోంది. "మధ్యాహ్నం పూట నడుం వాల్చడం బాగానే అలవాటు చేసుకున్నావే నోలీన్. మా తమ్ముడు రాజభోగం పెట్టాడు."

"పెట్టకేం," అన్నాడు కెల్ సింకు దగ్గర్నుంచి. "చక్కెర లేని టీలన్నీ నేనే తాగుతున్నాను."

అందరూ నవ్వారు. నోలీన్ కూడా నవ్వింది. రేపే కాగితం వస్తుందిలే అనుకుంది.

*

శుక్రవారం పొద్దున ఆమె గొట్టాలన్నీ ఐస్ ముక్కల మధ్య పెట్టిన చల్లటి సంచీతో ఫెర్రీ ఎక్కింది. లూపె ఆమెను కూర్చోబెట్టి, జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, రెండు సీసాల రక్తం తీసింది. చేతికున్న నల్ల పట్టీని విప్పి కంప్యూటర్‌కు తగిలించింది. గడియారంలా ఉండే ఆ పట్టీ పది రోజులుగా నోలీన్ ఎప్పుడు కదిలిందీ, ఎప్పుడు కదలందీ రాసిపెట్టుకుంటోంది. ఆ తర్వాత లూపె నోలీన్ రోజూ సాయంత్రం నింపిన కాగితాన్ని తీసుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్లీ చదివింది.

ఇరవై ఏడేళ్ల పిల్ల, నిండు విగ్రహం, పుట్టింది సిడ్నీలోనే అయినా పెరిగింది టోంగా దీవుల నుంచి వచ్చిన అమ్మమ్మ దగ్గర.

"నోలీన్, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోరుగా?"

"అడుగమ్మా."

"మంగళవారం పదకొండు నుంచి రెండింటి దాకా పట్టీలో ఒక్క కదలికా లేదు. పట్టీ తీసేశారేమో అనుకున్నాను. కానీ ఒంటి వేడి తెలుస్తోంది. చేతికే ఉంది."

"పడుకున్నాను."

"గురువారం?"

"పడుకున్నాను."

"శనివారం రెండుసార్లు?"

"రెండోసారి సోఫాలో. అది లెక్కలోకి రాదేమో."

లూపె కాగితం ఆమె వైపు తిప్పింది. "ఇక్కడేమో 'ఈరోజు మీ అలసట సున్నా నుంచి పదిలో ఎంత' అన్నచోట పది రోజులూ రెండు వేశారు. పదికి పది రోజులూ రెండే."

నోలీన్ బుగ్గలు వేడెక్కాయి. "సున్నా అంటే అబద్ధమవుతుంది. రెండైతే మర్యాదగా ఉంటుందని."

లూపె నవ్వు ఆపుకోలేకపోయింది. "మా అమ్మమ్మా ఇంతే. కాస్త నలతగా ఉందని ఆవిడ నోట వచ్చిందంటే మేం అంబులెన్సుకీ పాస్టరుకీ ఒకేసారి ఫోను చేస్తాం."

"అయినా నా మాటతో నీకేం పనమ్మా? రక్తం తీశావు, పది రోజుల ఉమ్మి ఇచ్చాను. వాటిలో చూస్తే తెలిసిపోదూ?"

లూపె నవ్వడం మానేసింది. కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"తెలియదు నోలీన్. ఇదిగో ఇదే అలసట అని చూపించే గుర్తు రక్తంలో ఇంకా దొరకలేదు. కొన్నింటి మీద అనుమానాలున్నాయి, అంతే. ఎలా వెతుకుతామో చెప్తాను. బాగా అలసిపోయేవాళ్ల గొట్టాలు ఒక పక్క, అలసట లేనివాళ్లవి ఇంకో పక్క పెట్టుకుని, రెండింటికీ తేడా ఏమిటా అని చూస్తాం. ఎవరిని ఏ పక్క పెట్టాలో మాకు చెప్పేది ఈ కాగితమే. మీరు రెండు వేస్తే మిమ్మల్ని అలసట లేనివాళ్లతో కూర్చోబెడతాం."

"అంటే నా ఉమ్మి అబద్ధం చెబుతుందా?"

"ఉమ్మి నిజమే చెబుతుంది. మనమే దాన్ని తప్పు గదిలో కూర్చోబెడతాం."

నోలీన్ తన చేతి మీద అంటించిన చిన్న దూది ముక్కను వేలితో నొక్కింది.

"మరి నా కాగితం?"

"ఏ కాగితం?"

"నా అలసట ఇంత అని అంకె వేసి ఇస్తారుగా."

లూపెకు అప్పుడు అర్థమైంది. "అలాంటిది ఇవ్వలేనండీ. మీకే కాదు, ఎవరికీ ఇవ్వలేను. అలాంటి కాగితం ఎప్పటికైనా రావాలంటే ముందు మీలాంటివాళ్లు రెండొందల మంది నిజం చెప్పాలి." ఆగి, "ఎవరికి చూపించాలనుకున్నారు?" అని అడిగింది.

"మా డాట్‌కి," అంది నోలీన్.

లూపె తన పై అధికారిని అడిగి వచ్చింది. ఆ పది రోజుల కాగితాలు పక్కన పెట్టేస్తారు. నోలీన్‌కు ఇష్టమైతే ఇంకో ఎనిమిది రోజులకు సరిపడా గొట్టాలిస్తారు, చేతి పట్టీ మళ్లీ కడతారు. కాగితం ఇవాళ సాయంత్రం నుంచే మొదలుపెట్టాలి. ఈసారి మర్యాద పాటించకూడదు.

*

తిరుగు ఫెర్రీలో కిటికీ పక్కన కూర్చుంది. నది దాటడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. బొగ్గు కోసం వచ్చిన ఓడ ఒకటి ఖాళీగా, ఎత్తుగా లోపలికి వస్తోంది, దాని పక్కన ఓడల్ని లాగే రెండు టగ్గు పడవలు. ఒకప్పుడు అందులో ఒకదాని మీద కెల్ ఉండేవాడు. అది దాటేదాకా చూద్దామనుకుంది.

"నోలీన్. నోలీన్, లేమ్మా."

ఎదురుగా ఫెర్రీ తాళ్లు కట్టే ట్రెవ్ వంగి చూస్తున్నాడు. కెల్‌తో పనిచేసిన మనిషి.

"వచ్చేశామా?"

"నాలుగుసార్లు వచ్చేశాం. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నావు. మొదటిసారి లేపుదామనుకున్నా, చేతులు రాలేదు. ఇప్పుడు నా డ్యూటీ దిగిపోయే టైమయింది, అందుకని."

"నాలుగుసార్లా!"

"చల్లటి సంచీని మాత్రం వదల్లేదు సుమా. బీరా అందులో?"

"ఉమ్మి గొట్టాలు," అంది నోలీన్. "కెల్‌కి చెప్పకు ట్రెవ్."

"ఏది, ఉమ్మి సంగతా?"

"నిద్ర సంగతి."

సాయంత్రం ఆరింటికి వంటింటి బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం పరిచింది. సున్నా నుంచి పది దాకా గళ్లు. పెన్ను కోసం సొరుగు లాగింది. పెన్ను కింద పాత కార్డుల కట్ట తగిలింది. పదిహేనేళ్లు చుట్టుపక్కల ఊళ్ల పోటీల్లో న్యాయనిర్ణేతగా ఆమె స్కోన్లకు మార్కులేసిన కార్డులవి.

పైనే ఉంది, తొంభై ఎనిమిది నాటిది. ఏడో నంబరు పళ్లెం. "అడుగు పచ్చి. పక్కలు ఒరిగిపోయాయి. పైన పొడి పిండి మిగిలింది. ఇరవైకి పదకొండు." ఏడో పళ్లెం ఎవరిదో ఆ రోజు ఆమెకు తెలియదు. పోటీ బల్ల మీద పేర్లుండవు, నంబర్లే. అది డాట్‌దని తర్వాత తెలిసింది. డాట్ మూడు నెలలు మాట్లాడలేదు. అయినా నోలీన్ ఆ కార్డు దిద్దలేదు. పచ్చిది పచ్చిదే. స్కోను దగ్గర ఆమె ఎన్నడూ మర్యాదకు మార్కులేయలేదు. వేసుంటే ఆ ఊళ్లో ఎవరికీ మంచి స్కోను చేయడం వచ్చేది కాదు.

నోలీన్ కార్డును కాగితం పక్కన పెట్టుకుంది. కళ్లజోడు సర్దుకుంది. పళ్లెంలో ఉన్నది ఎవరిదో తెలియదనుకుని, ఆ రోజును పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చేత్తో విరిచి లోపల చూసింది. ఎనిమిది అన్న గడిలో గీత పెట్టింది. అలవాటు కొద్దీ కింద కారణం కూడా రాసింది. "పదకొండు కల్లా కాళ్లలో సత్తువ లేదు. ఫెర్రీలో నాలుగుసార్లు నది దాటినా తెలియలేదు. బంగాళాదుంపల చెక్కు తీయడానికి రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది."

కెల్ రొట్టె కోసం బల్ల దగ్గరకొచ్చి కాగితం చూశాడు.

"గీత ఏ గడిలో పెట్టావ్?"

"ఎనిమిది."

"నిన్నటి దాకా రెండేగా. ఇవాళ ఏమైంది?"

"నిన్నా ఎనిమిదే. మొన్న తొమ్మిదేమో కూడా."

కెల్ రొట్టె కింద పెట్టి కూర్చున్నాడు. చాలాసేపు ఆ మూడు వాక్యాలూ చదివాడు.

"నేనేమనుకున్నానో తెలుసా?" అన్నాడు చివరికి. "రోజూ పదకొండయ్యేసరికి లోపలికి పోయి తలుపేసుకుంటుంటే, రిటైరై పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతున్నాను కదా, నా మొహం చూడలేక పోతున్నావనుకున్నాను. అందుకే ఎప్పుడూ గట్టు మీద చేపలు పడుతూ కూర్చుంటున్నాను. నాకసలు చేపలంటే అంత ఇష్టం లేదు."

నోలీన్ అతని వైపు చూసింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ తర్వాత మళ్లీ నవ్వొచ్చింది. "నీ మొహం చూడలేకపోతే నలభై మూడేళ్ల కిందటే తలుపేసుకునేదాన్ని."

"పద్నాలుగు నెలలు నోలీ. ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నువ్వు చేపల సంగతి చెప్పావా?"

కెల్ రొట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక ముక్క తుంచి, "డాట్‌కి నేను చెప్పనా?" అన్నాడు.

"నువ్వు చెబితే నాకు మళ్లీ పక్షవాతం వచ్చిందనుకుని పూలగుత్తి పంపుతుంది. నేనే చెప్తాను."

చెప్తాననడం తేలికే. శనివారం ఎనిమిది, ఆదివారం ఏడు, సోమవారం ఎనిమిది. గడిలో గీత పెట్టిన ప్రతి సాయంత్రం ఆమె ఫోను దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చెబితే పొయ్యి ఇంకొకరికి పోతుంది. ఒకసారి పోయిన పొయ్యి మళ్లీ తిరిగిరాదు, ఆ వంటగది సంగతి ఆమెకు తెలుసు. ఇరవై మూడేళ్ల కింద తను కూడా అలాగే ఒకావిడ చేతిలోంచి తీసుకుంది. ఆవిడ తర్వాత టిక్కెట్ల బల్ల దగ్గర కూర్చునేది.

*

మంగళవారం పది గంటలకు సంఘం హాల్లో తొమ్మిది మంది ఆడవాళ్లు చేరారు. కాఫీ నీళ్లు మరుగుతున్నాయి. డాట్ అట్ట మీద పెన్నుతో తట్టి, అందరినీ వరసగా చూసి, నోలీన్ దగ్గర ఆగింది.

"ఎలా ఉన్నావే?"

"ఎనిమిది," అంది నోలీన్.

డాట్ పెన్ను ఆగింది. "ఏమిటి ఎనిమిది? డజన్లా?"

"పదికి ఎనిమిది. నా అలసట. రోజూ పదకొండింటికి పడిపోతాను డాట్, మూడు గంటలు లేవలేను. పద్నాలుగు నెలలుగా ఇంతే. ఆరు వందలు నావల్ల కాదు."

ఎవరో కాఫీ నీళ్ల స్విచ్చు కట్టేశారు.

"నాకు పర్వాలేదని చెప్పావు," అంది డాట్. మొహం ఎర్రబడింది. "నీ వంటింట్లో, నీ నోటితో చెప్పావు. సంబరం శనివారం పెట్టుకుని మంగళవారం చెప్పే మాటా ఇది?"

"నువ్వు పర్వాలేదా అన్నావు, నేను పర్వాలేదన్నాను. మనం చిన్నప్పట్నుంచీ మాట్లాడుకునేది అంతేగా."

"నేను మనస్ఫూర్తిగానే అడిగానే!"

"నాకేం తెలుసు? నువ్వు మీటరు రీడింగుకొచ్చినవాణ్ణి కూడా అదే గొంతుతో అడుగుతావు."

ఎవరో కిసుక్కున నవ్వారు. డాట్ నవ్వలేదు. అట్ట బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది. కూర్చునేటప్పుడు బల్ల అంచు పట్టుకుంది, ఎప్పుడూ పట్టుకుంటుంది గానీ ఆ రోజే నోలీన్ గమనించింది.

"నా మోకాలు ఆరు," అంది డాట్, ఎవరి మొహమూ చూడకుండా. "మెట్లెక్కితే ఏడు."

"నాకు నడుము ఏడు," అంది వెనక నుంచి ఇంకొకావిడ.

"నా మొగుడు తొమ్మిది," అంది మరొకావిడ. ఈసారి హాలంతా నవ్వింది.

నవ్వు ఆగాక మొరీన్ గొంతు సవరించుకుంది. "సరే, నేనూ చెప్తాను, బయటికి పోకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకి కూరగాయల షాపు వెనక కారు ఆపుకుని సీటు వాల్చి పడుకుంటాను. గంటసేపు. ఆరేళ్లుగా." నోలీన్ వైపు తిరిగింది. "రాజభోగం అన్నాను మొన్న. కళ్లు కుట్టి అన్నానే. నీకు మంచముంది, నాకు కారే ఉంది."

"మా ఇంటికి రా," అంది నోలీన్. "సోఫా ఖాళీగానే ఉంటుంది."

డాట్ మళ్లీ అట్ట అందుకుంది. "ఇవన్నీ బాగానే ఉన్నాయి. పొయ్యి ఎవరు చూస్తారు? మళ్లీ బేకరీ స్కోన్లు పెడితే ఈసారి నన్నే పొయ్యిలో పెడతారు. లెమనేడ్ పోసి చేసే తేలిక రకం ఒకటుందట..."

"చచ్చినా వద్దు," అంది నోలీన్. అప్పటిదాకా ఆమె దగ్గర ఉపాయం లేదు. ఆ లెమనేడ్ మాట చెవినపడగానే వచ్చింది. "పొయ్యి మీరే చూస్తారు, నలుగురు. తొమ్మిది నుంచి పదకొండు దాకా నేను పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదటి వాయి నుంచి ప్రతి ట్రేలో ఒకటి విరిచి మార్కులేస్తాను. పద్నాలుగు దాటిన ట్రే బల్ల మీదికి పోతుంది. దాటనిది పిల్లల ఆటల దగ్గరికి పోతుంది, వాళ్లు ఏదైనా తింటారు."

డాట్ ఆమెను అనుమానంగా చూసింది. "నాకు కూడానా?"

"నీకే ముందు."

"తొంభై ఎనిమిదిలో నువ్వు పదకొండు వేశావు."

"అడుగు పచ్చిగా ఉందే."

"పొయ్యి పాతది!"

"పదకొండు తర్వాత ఏం చేస్తావ్?" అని మొరీన్ అడ్డుపడింది.

"పడుకుంటాను," అంది నోలీన్. ఆ మాట నోట్లోంచి ఇంత సులువుగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

*

శనివారం ఎండ కాసింది. కెల్ తన చేపల వేటకు కొనుక్కున్న మడత మంచం తెచ్చి హాలు వేదిక మీద, తెర వెనక వేశాడు. ఇకమీదట దాన్ని అక్కడే వాడతామన్నాడు. తొమ్మిదింటికి నోలీన్ పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంది. మొదటి ట్రేకు పన్నెండు, అది పిల్లల దగ్గరికి పోయింది. రెండోదానికి పదమూడు. "పిండి పిసక్కండి, అది రొట్టె కాదు, వేళ్ల చివర్లతో కలిపి వదిలేయండి" అని అరిచింది. నాలుగో ట్రే నుంచి పదిహేనుకు తగ్గలేదు. పదకొండు కొడుతుండగా లేచి, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, తెర వెనక్కి నడిచింది. మొరీన్ అప్పటికే అక్కడ రెండు కుర్చీలు కలిపి పడుకుని ఉంది.

నోలీన్ కళ్లు మూసుకుంది. తెర అవతల బ్యాండు, పిల్లల కేకలు, కప్పుల చప్పుడు. వెనకటి రోజుల్లో పడకగదిలో పడుకున్నప్పుడు ఇంత నెమ్మదిగా ఉండేది కాదు. అప్పుడు ప్రతి చప్పుడుకీ, ఎవరైనా వస్తున్నారేమోనని చెవులు రిక్కించి వినేది.

పన్నెండుకు చేతి పట్టీ సన్నగా మోగింది. చివరి రోజు, మధ్యాహ్నం గొట్టం. పడుకునే దూది నోట్లో వేసుకుంది. తెర కదిలి డాట్ తల పెట్టింది. ముక్కు మీద పిండి, చేతిలో పళ్లెం, పళ్లెంలో ఒకే ఒక్క స్కోను, ఇంకా పొగలు కక్కుతోంది.

"నేను చేసిందే ఇది. ఎవరి సాయమూ లేదు. తిను."

నోలీన్ నోట్లో దూది చూపించి తల అడ్డంగా ఊపింది.

"చల్లారిపోతుందే!"

రెండు వేళ్లు చూపించింది. రెండు నిమిషాలు. డాట్ మోకాలు పట్టుకుని మడత మంచం చివర కూర్చుని, స్కోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి కాపు కాస్తున్నట్టు కాచింది.

నోలీన్ గొట్టం మూత బిగించింది. టైము రాసింది. అప్పుడు లేచి కూర్చుని, స్కోనును అందుకుని అడుగు చూసింది, పక్కలు చూసింది, గోటితో పైన గీరింది. చేత్తో విరిచింది. లోపల నుంచి ఆవిరి లేచింది. చిన్న ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"పదిహేడు."

డాట్ కదల్లేదు. "ఇరవైకా?"

"ఇరవైకే."

"మర్యాదకు వేయలేదుగా?"

"ఒక పక్క కొంచెం ఒరిగింది. లేకపోతే పద్దెనిమిది వేసేదాన్ని."

డాట్ పళ్లెంలోకి చూసింది, ఒరిగిన పక్కను వేలితో నొక్కి చూసింది, అది నిజమే. మిగిలిన సగం తన నోట్లో పెట్టుకుని, జరుగు అన్నట్టు నోలీన్ కాలి మీద తట్టింది. నోలీన్ జరిగింది. ఇద్దరి బరువుకీ మడత మంచం మూలిగింది గానీ ఆగింది.

"ఎలా ఉన్నావే?" అంది డాట్ నోటి నిండా స్కోనుతో.

నోలీన్ ఆలోచించి చెప్పింది. "ఆరు."